మెతక కుక్కను వీధి కుక్కల మధ్య క్షేమంగా తిప్పడం ఎలా?

మా లడ్డూకి మూడేళ్లు. లాబ్రడార్. 32 కిలోలుంటాడు గానీ ఒంట్లో చీమంత కోపం లేదు. ఎదురుగా పళ్లు బయటపెట్టి గుర్రుమంటున్న కుక్కను చూసినా తోక ఊపుకుంటూ దగ్గరికి వెళ్లబోతాడు. మాదేమో హైదరాబాద్‌లో పాత కాలనీ. నాలుగు సందులకు మూడు వీధి కుక్కల గుంపులు. పోయిన ఏడాది చికెన్ షాపు మలుపులో రెండు కుక్కలు వాడి మీద పడ్డాయి. ఆ భయంతో పది రోజులు వాణ్ని గేటు దాటించలేదు. ఆ పది రోజుల్లో వాడు సోఫా మూల కొరికేశాడు. రాత్రిళ్లు నిద్రపోకుండా హాల్లో అటూ ఇటూ తిరిగాడు. గేటు చప్పుడైతే చాలు, మూలుగుతూ తలుపు దగ్గర కూర్చునేవాడు.

ఇలాంటి కుక్కను ఇంట్లో కట్టేస్తే కాపాడినట్టు కాదు. అలాగని "అవీ అవీ చూసుకుంటాయిలే" అని వదిలేయడానికీ లేదు. ఏ సందు ఏ వేళప్పుడు ఎవరిదో మనకు తెలిసి ఉండాలి. నేను నేర్చుకున్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. వరసగా చెబుతాను.

ముందు టీకాలు

ఇది అయ్యాకే మిగతావన్నీ. రేబిస్ టీకా కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు బూస్టర్ వేయించి, ఆ తర్వాత ఏటా వేయించాలి. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల టీకాల కోర్సు పూర్తయ్యే వరకు పిల్లను వీధిలో నేల మీద దించకండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. గోమార్లకు, అదే పిడుదులకు, మందు కూడా మానొద్దు. వాటివల్ల వచ్చే జ్వరం మన దగ్గర చాలా కుక్కల్ని పీల్చేస్తోంది.

మూడు రోజులు కుక్క లేకుండా నడవండి

చాలామంది చేయని పని ఇదే. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిందీ ఇదే. ఒక్కరే, చేతిలో తాడు లేకుండా, మీరు మామూలుగా తిరిగే దారిలో పొద్దున, సాయంత్రం, రాత్రి నడవండి. ఏ కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఏ కరెంటు స్తంభం దగ్గర మొరగడం మొదలుపెట్టి ఎక్కడ ఆపేస్తుంది అన్నది చూడండి. మొరుగుతూ వెంటపడిన కుక్క ఒక చోట టక్కున ఆగి వెనక్కి తిరుగుతుంది. దాని హద్దు అదే. మా సందులో ఒక గుంపు హద్దు నీళ్ల ట్యాంకు వరకే. ట్యాంకు దాటి అడుగు వేయవు. అది తెలిసిన రోజు నుంచి సగం టెన్షన్ పోయింది.

తిండి దొరికే చోట్ల దగ్గర కుక్కలు మరీ పంతంగా ఉంటాయి. చెత్త కుప్ప, చికెన్ షాపు, టిఫిన్ బండి, ఎవరో రోజూ అన్నం పెట్టే గేటు, ఇవన్నీ గుర్తుపెట్టుకోండి. ఆదివారం పొద్దున చికెన్ షాపు వైపు అసలు వెళ్లొద్దు. వారం మొత్తంలో వాటికి అదే పండగ పూట.

వేళ సంగతి. తెల్లవారుజామున నాలుగున్నరకు రోడ్డు ఖాళీగా, హాయిగా ఉంటుందని చాలామంది అప్పుడే బయల్దేరతారు. కానీ మనుషులు లేని రోడ్డు పూర్తిగా వాటిదే. రాత్రంతా కాపలా కాసిన ఊపు అప్పటికింకా దిగదు. పాలవాళ్లు, స్కూలు ఆటోలు తిరగడం మొదలైతే అవి పక్కకు తప్పుకుని ముడుచుకుని పడుకుంటాయి. మేం ఆరున్నరకు బయల్దేరి ఏడింటికల్లా తిరిగి వస్తాం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఇంకాస్త ముందే వెళ్లాలి. సాయంత్రమైతే ఎండ పోయినా రోడ్డు వేడి వదలదు. అరచేతి వెనక భాగం తారు మీద ఏడు సెకన్లు ఆన్చి ఉంచండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. చిత్త కార్తె అంటే మన పెద్దవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది కుక్కలే. అక్టోబరులో ఆ రోజుల చుట్టూ ఆడకుక్క కోసం గుంపులు గుంపులుగా కొట్టుకుంటాయి. కుక్క చూలు రెండు నెలలు కాబట్టి డిసెంబరుకల్లా ఏ మెట్ల కిందో, ఏ ఇసుక కుప్ప పక్కనో పిల్లలుంటాయి. పిల్లల తల్లి మిగతా రోజుల్లో ఎంత మంచిదైనా అప్పుడు ఊరుకోదు. ఆ దారి నెలన్నరో రెండు నెలలో మార్చేయండి. మీది ఆడకుక్క అయితే, ఎదకు వచ్చిన మూడు వారాలూ వీధిలోకి తీసుకెళ్లకండి.

చెవి కొసన చిన్న ముక్క కత్తిరించి ఉన్న కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని అర్థం. రేబిస్ టీకా కూడా అప్పుడే వేస్తారు. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసిన కుక్కను పట్టుకున్న చోటే వదలాలి. మీ సందులో అలాంటి గుర్తు లేని కుక్కలుంటే మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసి ఆపరేషన్ చేయించమని అడగండి. మా కాలనీలో ఆపరేషన్లు అయ్యాక చిత్త కార్తె గోల బాగా తగ్గింది.

తాడు, బెల్టు

ఆరడుగుల గట్టి నైలాన్ తాడు చాలు. బటన్ నొక్కితే సాగే రకం వద్దు. కుక్క పదిహేను అడుగుల దూరంలో ఉన్నప్పుడు గొడవ మొదలైతే మీరు చేసేదేమీ ఉండదు, చేతికి చుట్టుకుంటే వేళ్లు కోసుకుపోతాయి. మెడ బెల్టు కంటే ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మేలు. లాగినా గొంతు నొక్కదు, అవసరమైతే వీపు మీద పట్టుకుని పక్కకు జరపొచ్చు. లోపల రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. అంతకంటే వదులైతే భయపడినప్పుడు వెనక్కి జారి బయటపడుతుంది. ముళ్ల గొలుసులు కొనకండి. ఇంకో కుక్క కనబడగానే మెడ నొప్పి పుడితే, ఆ నొప్పి ఆ కుక్క వల్లే వచ్చిందనుకుంటుంది. మెతక కుక్క పిరికిదైపోయేది ఇలాగే.

నా జేబులో ఎప్పుడూ రెండు ఉంటాయి. ఒక గుప్పెడు పొడి తిండి, బటన్ నొక్కగానే తెరుచుకునే మడత గొడుగు.

ఒక్క మాట నేర్పండి

కూర్చో, షేక్‌హ్యాండ్ లాంటివి తర్వాత. "చలో" అనగానే వెనక్కి తిరిగి మీతో వచ్చేయడం ముందు నేర్పండి. ఉడికించిన చికెన్‌ను శనగ గింజంత ముక్కలు చేసుకోండి. హాల్లో నడుస్తూ "చలో" అని ఉల్లాసంగా అని, వెంటనే వెనక్కి తిరిగి, వచ్చినందుకు ఒక ముక్క పెట్టండి. రోజుకు పదిసార్లు, వారం పాటు ఇంట్లో. తర్వాత డాబా మీద, ఆ తర్వాత గేటు ముందు. కుక్కలున్న చోట మొదటిసారే పరీక్షించొద్దు. లడ్డూకి ఇది పట్టుబడడానికి మూడు వారాలైంది. ఇప్పుడు దూరంగా కుక్క కనబడితే వాడే తిరిగి నా జేబు వంక చూస్తాడు.

ఎదురుపడితే

తోక ఊపిందంటే స్నేహమని కాదు. నేను మోసపోయింది అక్కడే. ఆ రోజు చికెన్ షాపు దగ్గర చెవి చిరిగిన గోధుమరంగు కుక్క తోక ఊపుతూనే ఉంది. కానీ ఆ తోక కర్రలా నిటారుగా నిలబడి, కొస మాత్రమే వణుకుతోంది. నోరు మూసుకుంది. బరువంతా ముందు కాళ్ల మీద వేసి, కళ్లార్పకుండా చూస్తోంది. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. స్నేహంగా వచ్చే కుక్క ఒళ్లంతా వదులుగా ఊగుతుంది, సూటిగా రాకుండా కాస్త చుట్టు తిరిగి వెనకవైపు వాసన చూస్తుంది. ముందు కాళ్లు నేలకు చాచి వెనక భాగం పైకెత్తితే ఆడుకుందామని పిలుస్తున్నట్టు.

మీ కుక్కనూ గమనించండి. ఊరికే మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తోక కాళ్ల మధ్య పెట్టుకోవడం అన్నీ "నాకు ఇక్కడ బాగోలేదు" అని చెప్పడమే. అది అలా చెప్పినప్పుడు వినాలి. "ఏం కాదురా, పోయి పలకరించు" అని ముందుకు తోయకూడదు.

బిగుసుకున్న కుక్క కనబడితే తాడు గట్టిగా లాగకండి. మన చేతిలోని బిగువు తాడు మీదుగా కుక్కకు చేరుతుంది. మామూలు గొంతుతో "చలో" అని, మీ కుక్కను మీకు అవతలి పక్కకు తెచ్చుకుని, వెనక్కి తిరిగి నడవండి. మధ్యలో ఆగిన కారో ఆటోనో అడ్డం ఉండేలా చూసుకోండి. పరుగెత్తొద్దు. పరుగెత్తితే తరమాలనిపిస్తుంది. దాని కళ్లలోకి చూడొద్దు.

వెంటబడితే ఆగి దానివైపు తిరిగి నిలబడి, గట్టిగా "పో!" అనండి. రాయి తీస్తున్నట్టు వంగితే చాలా వీధి కుక్కలు వెనక్కి తగ్గుతాయి. నిజంగా కొట్టకండి. దెబ్బ తిన్న కుక్క రేపు అదే దారిలో మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది. అయినా వస్తుంటే గుప్పెడు తిండి దాని వెనక్కి పడేలా విసరండి. తలదించి వెతుక్కునే ఆ కొద్ది సెకన్లలో మీరు గేటు చేరొచ్చు. తిండి లెక్కచేయని కుక్కకు గొడుగు. ముఖం ముందు టప్పున తెరుచుకుంటే ఆగిపోతుంది. మీ కుక్క ఆ చప్పుడుకు బెదరకుండా ముందే ఇంట్లో అలవాటు చేయండి.

మీద పడితే

చేతులు మధ్యలో పెట్టకండి. కోపంలో ఉన్న కుక్కకు అది చెయ్యో కాలో తెలియదు, మీ కుక్కే కరవొచ్చు. బకెట్ నీళ్లు, పెద్ద చప్పుడు, మధ్యలో గొడుగో అట్టపెట్టో పెట్టడం, ఇవి ముందు. ఇద్దరు మనుషులుంటే కరుస్తున్న కుక్క వెనక కాళ్లు రెండూ తొడల దగ్గర పట్టుకుని ఎత్తి వెనక్కి లాగడం ఒక దారి. పళ్లు దిగి ఉన్నప్పుడు మీ కుక్కను ఇవతలికి గుంజితే చర్మం చీలిపోతుంది. చిన్న జాతి కుక్కనైతే ఎత్తి పట్టుకోవాలనిపిస్తుంది. అలా చేస్తే అవి మన మీదికి ఎగురుతాయి. పక్కనున్న కారు పైకప్పు మీదో, ఏదైనా గేటు లోపలో పెట్టేయండి.

ఇంటికి రాగానే వెంట్రుకలు పాయలు పాయలుగా విడదీస్తూ ఒళ్లంతా వేళ్లతో తడమండి. లడ్డూ ఆ రోజు కుంటలేదు, అన్నం తిన్నాడు. ఏం కాలేదనుకున్నాను. మూడో రోజు మెడ కింద చెయ్యి వేస్తే తడిగా తగిలింది. పైన చూస్తే శనగ గింజంత రంధ్రం, లోపల అంగుళం లోతు చీము. కోరపళ్ల గాయం అలాగే ఉంటుంది, పైన చిన్నది, లోపల పెద్దది. వాడు కిక్కురుమనకుండా భరించాడు. ఆ మూడు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. గాయం చిన్నదైనా ఆ రోజే వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి. టీకాలు వేయించిన కుక్కకు కూడా రేబిస్ బూస్టర్ గురించి తప్పకుండా అడగండి.

మిమ్మల్ని కరిచినా, గీరి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో (ఐపీఎం) కుక్కకాటు టీకాలకు ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. డాక్టరు చెప్పిన అన్ని డోసులూ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

ఒళ్లు అలవాలి, ముక్కు కూడా అలవాలి

ఎదిగిన లాబ్రడార్‌కు రోజుకు గంటకు తక్కువ కాకుండా కదలిక కావాలి. ఆ గంట మొత్తం వీధిలోనే గడవాలని లేదు. మా ఇంట్లో పొద్దున అరగంట నడక, సాయంత్రం డాబా మీద ఇరవై నిమిషాల ఆట, రెండు పూటలా వాసన ఆట. నడకలో కూడా వాణ్ని తొందరపెట్టను. ఒక గోడ దగ్గర రెండు నిమిషాలు వాసన చూస్తానంటే చూడనిస్తాను. అది వాడికి పేపరు చదవడం లాంటిది.

వాసన ఆటకు ఖర్చేమీ లేదు. పాత తువ్వాలులో పొడి తిండి చల్లి చుట్టచుట్టి ఇవ్వండి. ముక్కుతో విప్పుకుంటూ తింటాడు. రోజూ గిన్నెలో పెట్టే తిండినే ఇల్లంతా పది చోట్ల దాచి "వెతుకు" అనండి. పావుగంట వెతికాక లడ్డూ ఫ్యాన్ కింద బోర్లా పడుకుని కాళ్లు చాపేస్తాడు. అంత అలసట వాడికి ఉత్త నడకతో రావడం నేను చూడలేదు.

డాబా మీద పాత జీన్స్ ప్యాంటు జడలా అల్లి తాడులాగుడు ఆడండి. "వదులు" అంటే వదలడం ముందు నేర్పాలి. పిట్టగోడ నడుమెత్తు కంటే తక్కువుంటే బంతి విసరొద్దు. టైల్స్ మీద పరుగులు పెట్టించకండి, కాళ్లు జారి తుంటి కీళ్లు పాడవుతాయి. లాబ్రడార్లకు ఆ బాధ ముందే ఎక్కువ. తిన్న గంట వరకు ఆట వద్దు.

పరుగు తీయనివ్వాలంటే నాలుగు వైపులా గోడ ఉన్న చోటు కావాలి. సెలవు రోజున అనుమతి తీసుకుని దగ్గర్లోని స్కూలు గ్రౌండు వాడుకోవచ్చు. గేటు మూసి, ఇరవై అడుగుల తాడు కట్టి వదలండి. జీహెచ్‌ఎంసీ 2018లో కొండాపూర్‌లో కుక్కల కోసమే పార్కు తెరిచింది. అలాంటి చోటికి వెళ్లినా ముందు బయటి నుంచి ఐదు నిమిషాలు చూడండి, లోపల ఏ పెంపుడు కుక్కైనా మిగతావాటిని తరుముతుంటే ఆ పూటకు వెనక్కి వచ్చేయండి.

పక్కింటివాళ్ల కుక్కే మీద పడుతుంటే సంగతి వేరు. ముందు మర్యాదగా మాట్లాడండి, మీ కుక్కను తిప్పే వేళ చెప్పండి, ఆ అరగంట కట్టేయమని అడగండి. వినకపోతే కాలనీ సంఘం ద్వారా రాతపూర్వకంగా చెప్పండి. పెంపుడు జంతువు వల్ల ప్రమాదం జరగకుండా చూసుకోవాల్సింది యజమానే. ఆ నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

వీధి కుక్కలతో చనువు

ఇది నెలల పని. లడ్డూ లేకుండా నేనొక్కణ్నే రోజూ ఒకే వేళకు ఆ గోధుమరంగు కుక్క ఉండే చోటు మీదుగా వెళ్లేవాణ్ని. పదడుగుల దూరంలో రెండు బిస్కెట్లు పెట్టి, ఆగకుండా వెళ్లిపోవడమే. మూడు వారాలకు మొరగడం మానేసింది. తర్వాత లడ్డూని రోడ్డు అవతలి పక్క నుంచి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. దగ్గరికి తీసుకెళ్లి కలపాలని చూడలేదు. తిండి ఇద్దరి మధ్యలో వేయనూ లేదు, కొట్లాట మొదలయ్యేది అక్కడే. నాలుగు నెలలైంది. ఇప్పుడు మేం వెళ్తుంటే అది తలెత్తి చూసి, మళ్లీ కాళ్ల మీద తల పెట్టుకుంటుంది. చిత్త కార్తె వస్తే మాత్రం మేం ట్యాంకు అవతలి దారినే వెళ్తాం.