పాత కారు ఢబ్‌మని పేలుతోందా? పికప్ అందుకోవడం లేదా? ఇలా వరసగా చూడండి

సాలూరు దాటి ఘాట్ ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా బండి అందుకోక, జర్కులిచ్చి, సైలెన్సర్‌లో ఢబ్‌మని పేలితే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్‌నే అనుమానిస్తారు. అప్పుడే దాని మీద డబ్బు పెట్టకండి. కార్బురేటర్‌తో నడిచే పాత మారుతీ 800, అంబాసిడర్, పద్మిని లాంటి బండ్లలో ఈ జబ్బు తరచుగా కరెంటు వైపు నుంచే వస్తుంది. ముందు స్పార్క్, తర్వాత పెట్రోల్, ఆఖరున కార్బురేటర్. ఈ వరస తప్పొద్దు.

పేలుడు ఎటు నుంచి?

సైలెన్సర్‌లో పేలితే, సిలిండర్‌లో కాలని పెట్రోల్ బయటికొచ్చి అక్కడ అంటుకుంటోందని అర్థం. స్పార్క్ మిస్సవడమో, పెట్రోల్ ఎక్కువవడమో కారణం. యాక్సిలరేటర్ వదిలి ఘాట్ దిగేటప్పుడు మాత్రమే పేలుతుంటే సైలెన్సర్ పైపు జాయింట్లలో గాలి లీకుందేమో చూడండి. కార్బురేటర్‌లోంచి పేలితే పెట్రోల్ తక్కువ కావడం, స్పార్క్ పడే టైమింగ్ తప్పడం, ఇన్‌టేక్ వాల్వు సరిగ్గా మూసుకోకపోవడం వంటివి చూడాలి.

స్పార్క్ సంగతి

ఇక్కడ తొందరపడొద్దు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీర ప్రాంతాల్లో తిరిగే బండ్లకి ఉప్పుగాలి వల్ల వైర్ల కొనలకి పచ్చటి చిలుము పడుతుంది. ఇంజన్ ఆపి, చల్లారాక డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) క్యాప్ విప్పి, టార్చి వెలుగులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. లోపల రెండు కొనల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత ఉంటే దొంగ దొరికినట్టే. స్పార్క్ ఆ గీత పట్టుకుని పక్క సిలిండర్‌కి పోతోంది. తుడిచి సరిపెట్టుకోకుండా క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ రెండూ మార్చేయండి. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటు తెంపే చిన్న స్విచ్చు) ఉన్న బండయితే అవి కాలి గుంటలు పడ్డాయేమో చూసి, గ్యాప్ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) సరిచేయించండి.

రాత్రిపూట బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్ల మీద కొద్దిగా నీటి తుంపర కొట్టండి. చెయ్యి మాత్రం తగలనివ్వొద్దు. వైరులోంచి కరెంటు లీకైతే నీలిరంగు మెరుపు కనిపిస్తుంది. వానాకాలం పొద్దున్నే మొరాయించే బండ్ల గుట్టు చాలావరకు ఇక్కడే బయటపడుతుంది.

ఈమధ్య ఎవరైనా వైర్లు విప్పి పెట్టి ఉంటే సిలిండర్లకి స్పార్క్ అందే వరస కూడా చూడండి. మారుతీ 800కి 1-3-2, అంబాసిడర్ పెట్రోల్ బండికి 1-3-4-2. రెండు వైర్లు తారుమారైనా చాలు, కార్బురేటర్‌లోంచి పేలుతుంది.

ప్లగ్గులు విప్పితే వాటి రంగే చాలా చెబుతుంది. లేత గోధుమరంగు ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది లేదా స్పార్క్ బలహీనంగా ఉంది. చోక్ (చల్లటి ఇంజన్ స్టార్టవడానికి పెట్రోల్ పాలు పెంచేది) సగంలో ఇరుక్కుందేమో కూడా చూడండి. తెల్లగా పాలిపోతే పెట్రోల్ చాలడం లేదు.

పెట్రోల్, గాలి

చదును రోడ్డు మీద బాగానే నడిచి, ఎత్తు ఎక్కేటప్పుడే నీరసిస్తే ముందు పెట్రోల్ ఫిల్టర్ మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు తట్టుకోలేవు, మెత్తబడి పగులుతాయి. పైగా ఈ పెట్రోల్‌తో పాత కార్బురేటర్లలో గాలి, పెట్రోల్ మిశ్రమం కాస్త పలచబడుతుంది కాబట్టి అడ్జస్ట్‌మెంటు అవసరం కావచ్చు.

యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే మాత్రమే తడబడుతుంటే, చల్లటి ఇంజన్ ఆపి ఉంచి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ లాగండి. పెట్రోల్ సన్నటి ధారగా వెంటనే చిమ్మాలి. చిమ్మకపోతే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) పోయినట్టో, దాని జెట్ (చిమ్మే సన్నటి రంధ్రం) మూసుకుపోయినట్టో. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. ఇంజన్ నడుస్తుండగా ముఖం అక్కడ పెట్టొద్దు, పేలితే మంట పైకే వస్తుంది.

వాక్యూమ్ పైపుల్లో (ఇంజన్ పీల్పుకి కలిపిన సన్నటి పైపులు) పగులు, కార్బురేటర్ నుంచి సిలిండర్లకి వెళ్లే మానిఫోల్డు గ్యాస్కెట్ లీకు కూడా ఇదే తడబాటు తెస్తాయి. ఐడిలింగ్‌లో ఉంచి ఆ జాయింట్ల మీద నీళ్లు చిలకరించండి. ఇంజన్ శబ్దం మారిందంటే లీకు అక్కడే. కొందరు ఈ పరీక్ష పెట్రోల్‌తో చేస్తారు, వేడి ఇంజన్ మీద అది చాలా ప్రమాదం.

ఇవన్నీ బాగుండీ జబ్బు తగ్గకపోతే షెడ్డులో టైమింగ్, ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూపించండి. ఒక సిలిండర్‌లో మాత్రమే కంప్రెషన్ బాగా తక్కువుంటే వాల్వు కాలి ఉండొచ్చు. అప్పుడు కొత్త కార్బురేటర్ వేసినా పికప్ రాదు. మెకానిక్‌కి "బండి పేలుతోంది" అని ఊరుకోకుండా ఎటు నుంచి, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, తొక్కినప్పుడా వదిలినప్పుడా అన్నది వివరంగా చెప్పండి.