చీటీ ఎత్తుకున్నాక మనిషిని చూడండి

గుంటూరులో ఒక రిజిస్టర్డ్ చిట్ కంపెనీలో జామీనుల సెక్షన్ చూసి రిటైరయ్యాను. చీటీ పాడుకున్నవాడి చేతికి డబ్బిచ్చే ముందు అతనూ, అతని జామీనుదార్లూ ఎలాంటివాళ్లో కనుక్కుని రావడం నా పని. ఉద్యోగం పోయినా ఆ పని మాత్రం నన్ను వదల్లేదు. ‘బాబాయ్, ఫలానాయన ష్యూరిటీ సంతకం అడుగుతున్నాడు, పెట్టచ్చా?’ ‘అన్నయ్యా, కలిసి షాపు పెడదామంటున్నాడు, మంచివాడేనంటావా?’ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మంచివాడో కాదో ఎలా తేల్చుకోవాలో నాకు తెలిసిన పద్ధతి ఇది.

ముందు చీటీ సంగతి. నెలకు 4,000 చొప్పున పాతికమంది కడితే లక్ష చీటీ. నెలనెలా పాట. ఎవరు ఎక్కువ తగ్గించుకుని పాడితే ఆ నెల డబ్బు వాళ్లది. తగ్గిన మొత్తంలో కంపెనీ కమిషన్ పోగా (2019 సవరణతో చీటీ మొత్తం మీద 7 శాతం దాకా తీసుకోవచ్చు, అంతకుముందు 5) మిగిలింది అందరికీ డివిడెండు. మూడో నెలలో ఎత్తుకున్నవాడు ఇంకా 22 నెలలు కట్టాలి.

ఎత్తుకునేదాకా అందరూ మంచివాళ్లే. గడువుకు ముందే కడతారు, ఆఫీసుకొస్తే అటెండరును కూడా పేరుపెట్టి పలకరిస్తారు. బాకీ ఉంటే పాటకు రానివ్వరు కదా మరి. అందుకని మొదటి నాలుగు వాయిదాలు ఠంచనుగా కట్టాడంటే నేను పెద్దగా లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు. అవసరం తీరిపోయాక ఎలా ఉన్నాడన్నదే చూడాలి. మీకు చీటీ లేకపోయినా ఫర్వాలేదు, ప్రతి మనిషి జీవితంలోనూ అవసరం తీరిపోయిన చోట్లు కొన్ని ఉంటాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్లండి.

అతను చెప్పిన మనుషుల్ని మాత్రం అడక్కండి, వాళ్లు ఎలాగూ బాగానే చెబుతారు. వీధి చివర కిరాణా కొట్టుకెళ్లండి. పొద్దున బేరాలప్పుడు కాదు, మధ్యాహ్నం మూడింటికి. ఏదో ఒకటి కొని, ‘ఫలానా ఆయన ఇల్లెక్కడండీ’ అని మొదలుపెట్టండి. మంచి ఖాతాదారు అయితే కొట్టాయన ఇల్లు చూపించి ఊరుకోడు. వాళ్ల నాన్న దగ్గర్నుంచీ చెబుతాడు, ఒక్కోసారి మనం అడక్కుండానే అరువు పుస్తకం తిప్పి ‘చూడండి, ఒకటో తారీఖు దాటదు’ అంటాడు. తేడా ఉంటే చెయ్యెత్తి సందు చూపించి, తూకం పనిలో పడిపోతాడు. ఆ తర్వాత మందుల షాపుకి వెళ్లండి. జబ్బు తగ్గాక మందుల బాకీ కట్టినవాడంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

తర్వాత చూడాల్సింది, డబ్బు చేతిలో లేనప్పుడు ఏం చేశాడని. 2019లో ఇసుక దొరక్క కట్టుబడి పనులన్నీ ఆగిపోయాయి గుర్తుందా? కూతురి పెళ్లికి చీటీ ఎత్తుకున్న ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. వాయిదా పదో తారీఖయితే ఏడో తారీఖునే ఆఫీసుకొచ్చాడు. సైకిలు గోడకి ఆనించి లోపలికొచ్చి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. పదిహేను వందలు. ‘మొత్తం లేదండి. ఇది రాసుకోండి. పని తగలగానే మిగతాది తెస్తా.’ పాస్‌బుక్‌లో రాసిచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, అంకె మీద వేలు పెట్టి సరిచూసుకుని మరీ వెళ్లాడు. అదే నెలలో ఇంకొకాయన, కారున్న మనిషి, ఫోన్ స్విచాఫ్. ఇంటికెళితే హైదరాబాద్ వెళ్లారని వాళ్లావిడ చెప్పింది. ఆయన చెప్పులు మాత్రం గుమ్మం ముందే ఉన్నాయి.

రికార్డులో ఇద్దరూ బాకీదార్లే. కానీ తర్వాత ఎవరైనా ఆ మేస్త్రీ గురించి అడిగితే రెండో ఆలోచన లేకుండా సంతకం పెట్టమనేవాణ్ణి. కట్టలేకపోవడం ఎవరికైనా వస్తుంది. మిర్చి రైతుల్ని చూడండి, సరుకు యార్డుకు రాందే చేతిలో పైసా ఆడదు. వాళ్లలో మంచివాళ్లు సంక్రాంతికే చెప్పేస్తారు, ‘మార్చిలో అమ్మాక మూడూ కలిపి కడతా’ అని. గడువు తేదీకి ముందు చెప్పాడా, తర్వాత చెప్పాడా అన్నదాన్ని బట్టి సగం మనిషి తెలిసిపోతాడు.

మిగతా సగం ప్రాంసరీ నోటు దగ్గర తెలుస్తుంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మామూలు నోటుకి మూడేళ్లే బలం. ఈలోపు బాకీదారు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు వస్తుంది. చెల్లు పడకుండా మూడేళ్లు దాటితే కోర్టులో ఆ నోటు చెల్లదు. ఊళ్లలో ఈ లెక్క తెలియనివాళ్లు లేరు. అందుకే మూడో ఏడు రాగానే కొందరు కనిపించడం మానేస్తారు, ఎదురుపడితే సందు మారతారు. కొందరు మాత్రం వాళ్లంతట వాళ్లే వచ్చి, ‘పిన్నీ, నోటు మురిగిపోతుంది, తియ్యండి’ అని ఐదొందలో వెయ్యో ఇచ్చి, వెనక ‘ఈ రోజు అసలు కింద చెల్లు రూ. 500’ అని తేదీ వేసి సంతకం పెట్టి వెళ్తారు. తనని కోర్టుకు లాగే దారిని తన చేత్తోనే తెరిచి పెట్టడమన్నమాట. ఇలాంటివాడు దొరికితే ఇంకో ఎంక్వైరీ అక్కర్లేదు, పిల్లనిచ్చినా ఇవ్వచ్చు.

ఇక గుడికి ఎంత చందా రాశాడు, అయ్యప్ప మాల ఎన్నిసార్లు వేశాడు, పెళ్లిలో ఎన్ని కూరలు పెట్టాడు అన్నవాటిని నేను రిపోర్టులో రాసేవాణ్ణే కాదు. అవి తప్పని కాదు. నలుగురూ చూస్తుండగా చేసేవాటితో నా ప్రశ్నకు జవాబు రాదు, అంతే. డొక్కా సీతమ్మ గారిని (1841–1909) ఇప్పటికీ తలుచుకుంటున్నామంటే, బడిలో మధ్యాహ్న భోజనానికి 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆవిడ పేరు పెట్టిందంటే కారణమేంటి? గోదావరి లంకల్లో, ఏ వేళకి ఎవరొచ్చినా ఆవిడ అన్నం పెట్టింది. ఆ తిన్నవాళ్లలో చాలామంది రేవు దాటి వెళ్లిపోయే బాటసారులు, మళ్లీ ఆ గడప తొక్కుతారన్న నమ్మకం కూడా లేదు. మనం చూసే మనిషిలో అంత ఉండక్కర్లేదు. ఆటోవాడితో, వాచ్‌మన్‌తో, ఉద్యోగంలోంచి దిగిపోయిన తన పాత ఆఫీసరుతో ఎలా మాట్లాడతాడో గమనిస్తే మన పనికి సరిపోతుంది.

ఇంకొకటి, చాలామంది దీన్ని తిరగేసి చూస్తారు. అడిగిన ప్రతిదానికీ ‘సరే’ అనేవాణ్ణి మంచివాడంటారు. జామీను పత్రాల మీద ఇలాంటివాళ్లే ఎక్కువ మునిగారు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. ఆర్డరొస్తే జీతంలోంచి కోత పడుతుంది. తన జీతమెంతో, తన ఇంటి ఖర్చెంతో లెక్క చూసుకుని ‘నావల్ల కాదు, ఏమనుకోకు’ అని మొహం మీదే చెప్పగలిగినవాడు ఇంకోసారి ‘సరే’ అంటే దాన్ని నమ్మచ్చు.

చివరికి సంతకం పెట్టక తప్పని మొహమాటం వస్తే, పాస్‌బుక్ ఒకసారి చూపించమనండి. నికార్సయినవాడు అడగ్గానే తెచ్చి ముందు పెడతాడు, ఏ వాయిదా ఎందుకు లేటయిందో తనే చెబుతాడు. ‘నామీద ఆమాత్రం నమ్మకం లేదా’ అని నొచ్చుకున్నాడా, కాఫీ ఇచ్చి పంపించండి.