కావలి ఉక్కలోనూ కరకరలాడే క్రూటాన్స్

సలాడ్‌లోకి క్రూటాన్స్, అంటే కరకరలాడేలా వేయించిన చిన్న బ్రెడ్ ముక్కలు, ఇంట్లోనే చేస్తాను. కానీ కావలిలో ఈ సముద్రపు గాలికి, ఉక్కపోతకి పొద్దున చేసినవి సాయంత్రానికే మెత్తబడేవి. ఒక ముక్కను విరిచి చూశాను. పైన ఎర్రగా వేగింది, నడిమధ్య మాత్రం తెల్లగా, వేలితో నొక్కితే అణిగిపోతోంది. లోపల మిగిలిన ఆ తడే మెల్లగా పైకి పాకి మొత్తం మెత్తబరుస్తుంది.

మన బేకరీల్లో ఎక్కువగా దొరికే మిల్క్ బ్రెడ్‌లో చక్కెర ఉంటుంది. లోపల ఆరేలోపే పైన మాడుతుంది. అందుకని తీపి లేని బ్రెడ్ అడిగి తెచ్చుకుంటాను, నిన్నటిదైతే ఇంకా మంచిది. అరంగుళం ముక్కలు కోసి, నూనె తగలకుండా ముందు ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఆరబెడతాను. తర్వాతే నూనె, ఉప్పు, మిరియాల పొడి కలిపి మరో 10-15 నిమిషాలు. 4 స్లైసులకి 2 టేబుల్ స్పూన్ల నూనె చాలు. వెల్లుల్లి తరుగు ముక్కలకి అంటుకుంటే మాడి చేదెక్కుతుంది. దాన్ని నూనెలో సన్న సెగ మీద కాచి వడకట్టేస్తే వాసన మాత్రం నూనెకి పడుతుంది, ఎంత బాగుంటుందో!

ఓవెన్ లేనివాళ్లకి మందపాటి పెనం, సన్న సెగ, కాస్త ఓపిక ఉంటే సరి.

పూర్తిగా చల్లారాకే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి లోపలే నీరవుతుంది. కీరా, టమాటా కూడా నీరు వదులుతాయి కాబట్టి క్రూటాన్స్ తినేముందే చల్లుకోండి.