పెద్ద మోటర్‌హోమ్ కొత్తదా, సెకండ్ హ్యాండ్‌దా? సమస్య - పరిష్కారం

పెద్ద మోటర్‌హోమ్ అంటే ఒకే ఛాసిస్ మీద బస్సూ ఇల్లూ. బస్సు భాగం తిరిగితే అరుగుతుంది. ఇల్లు భాగం కదలకుండా ఉన్నా పాడవుతుంది, నీళ్లు తగిలితే చాలు. అందుకే "ఏ సంవత్సరం మోడల్?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లు తరచూ తప్పు బండి కొంటారు. నేనైతే మొదట "దీని లోపలికి నీళ్లు దిగాయా?" అని చూస్తాను. ఆ తర్వాత "చెడిపోతే ఎవరు బాగు చేస్తారు, ఎన్నాళ్లకు?" అని అడుగుతాను. ఈ రెండూ తేలితే కొత్తదా పాతదా అన్న చిక్కు చాలావరకు విడిపోతుంది.

లక్షణం: తలుపు తీయగానే ముక్కిన వాసన, గోడ మీద ఉబ్బు, కాలి కింద మెత్తటి నేల

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పైకప్పు నుంచో మూలల నుంచో నీళ్లు లోపలికి దిగాయి. ఈ బళ్ల గోడ చాలావాటిలో పొరలుగా ఉంటుంది: బయట ఫైబర్‌గ్లాస్ షీటు, దాని వెనక పల్చటి ప్లైవుడ్, మధ్యలో ఫోమ్. అన్నింటినీ జిగురు పట్టి ఉంచుతుంది. పైకప్పు మీద ఏసీ, వెంట్లు, స్కైలైట్, యాంటెనా ఉన్న ప్రతిచోటా ఒక రంధ్రం, దాని చుట్టూ సందు మూసే సీలెంట్ ఉంటాయి. ఎండకు సీలెంట్ బీటలు వారుతుంది. వెంట్రుకవాసి సందు చాలు, వాన పడ్డ ప్రతిసారీ కాస్త కాస్త దిగుతుంది. ప్లైవుడ్ కుళ్లుతుంది, జిగురు వదులుతుంది, బయటి షీటు ఉబ్బుతుంది. పైన పటారం, లోన లొటారం.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన సాధనం అక్కర్లేదు. బండి వెనక మూల దగ్గర నిలబడి, గోడకు చెంప ఆనించినంత దగ్గరగా పెట్టి ముందువైపు చూడండి. ఎదురుగా చూస్తే కనిపించని అల ఏటవాలు వెలుగులో బయటపడుతుంది. అరచేత్తో నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చిందంటే పొరలు విడిపోయినట్టే. లోపల పై అల్మరాల మూలలు, మంచం కింద, కిటికీల కింది అంచులు టార్చి వేసి చూడండి. బయటికి జరిగే గది, అంటే స్లైడ్ ఉంటే, దాని కింది మూలల్లో మడమతో నొక్కండి. చెమ్మ కొలిచే మీటరు ఉంటే తప్పక పొడిగా ఉండే చోట ఒక రీడింగ్, అనుమానం ఉన్న చోట ఒక రీడింగ్ తీసుకోండి. విడిగా అంకె పెద్దగా ఏమీ చెప్పదు, రెండింటి మధ్య తేడా చెబుతుంది.

ఒకసారి నేను చూసిన బండి లోపలంతా అద్దంలా ఉంది. మంచం కింద మాత్రం ఒక జానెడు మేర ఫ్లోర్ షీటు మిగతా దానికంటే కొత్తగా ఉంది. అంచు పట్టి కాస్త లేపితే కింద ప్లైవుడ్ నల్లగా, గోటితో గీరితే పొట్టులా రాలింది. పైన చూస్తే వెనక మూల సీలెంట్ మాత్రం తెల్లగా తాజాగా ఉంది. నెల రోజుల క్రితం పూసి ఉంటారు. లోపల కుళ్లింది అలాగే ఉంది.

పరిష్కారం: పొరలు విడిపోయిన గోడ, మెత్తబడ్డ నేల ఉన్న బండిని వదిలేయండి. ఎంత తగ్గించి ఇచ్చినా సరే. గోడ విప్పితే గానీ నష్టం ఎంతో తెలియదు. విప్పాక వెనక్కి వెళ్లలేం. ఒక్కచోట మరక ఉండి, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో స్పష్టంగా కనిపించి, కింద కర్ర గట్టిగా ఉంటే మాత్రం బేరానికి కూర్చోవచ్చు. అప్పుడు కూడా బండి లోపలికి గాలి నింపి, బయట అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూసే ప్రెషర్ టెస్ట్ చేయించండి. కొత్త బండికీ ఇది వర్తిస్తుంది. సీలెంట్ సరిగా పడకపోతే మొదటి వానకే కారుతుంది.

లక్షణం: కొత్త బండి, నెల తిరక్కుండానే సర్వీస్ సెంటర్‌లో

"కొత్తది కొంటే టెన్షన్ ఉండదు" అనుకునేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. కొత్త బండి అంటే తప్పుల్లేని బండి అని కాదు, తప్పులు ఇంకా బయటపడని బండి అని.

కారణం తయారీలోనే ఉంది. కార్లలాగా రోబోలు అతికించేవి కావు ఇవి, చాలా పని చేతితోనే జరుగుతుంది. వందల స్క్రూలు, పైపుల కీళ్లు, వైర్ల జాయింట్లు. రోడ్డు మీద వెళ్తుంటే ఇల్లంతా అదురుతుంది, వదులుగా ఉన్నదల్లా బయటికొస్తుంది. దానికి తోడు ఛాసిస్ ఒకరిది, ఇంజిన్ ఇంకొకరిది, ఫ్రిజ్, ఏసీ, జనరేటర్ తలా ఒకరివి. ఇల్లు కట్టిన కంపెనీ వారంటీ వీటన్నింటినీ కప్పదు, ఒక్కోదానికి ఒక్కో వారంటీ కాగితం.

మా మొదటి బండి కొత్తదే. రెండో ప్రయాణంలో ఉదయం బయల్దేరుదామంటే స్లైడ్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. స్లైడ్ బయట ఉంటే బండి నడపలేం. మోటారు గుర్రుమంటోంది, గది కదలదు. పట్టాల దగ్గర పడుకుని చూస్తే, గదిని జరిపే పళ్ల పట్టీ మధ్యలో ఊడిపడ్డ ఒక స్క్రూ ఇరుక్కుని ఉంది. బిగించేటప్పుడు సగం తిప్పి వదిలేసినట్టున్నారు. అది తీశాక స్లైడ్ కదిలింది కానీ పట్టీ పళ్లు రెండు వంగాయి. ఆ పట్టీ మార్చడానికి డీలర్ దగ్గర బండి ఆరు వారాలు నిలబడింది.

పరిష్కారం: మిగతా డబ్బు కట్టకముందు ఒక రాత్రంతా డీలర్ ఆవరణలోనే బండిలో పడుకోండి. ఏసీ, హీటర్, నీళ్ల పంపు, గీజర్, స్టవ్, జనరేటర్ అన్నీ వాడండి. స్లైడ్లు, లెవెల్ చేసే జాక్‌లు నాలుగైదుసార్లు వేసి తీయండి. ట్యాంకులు నింపి, ఖాళీ చేసి, సింకుల కింద ఎండు కాగితం పరిచి తెల్లారాక తడి ఉందేమో చూడండి. లోపాలన్నీ రాసి సంతకం పెట్టించుకోండి. మొదటి మూడు నాలుగు ప్రయాణాలు దగ్గర్లోనే చేయండి, వారంటీ గడువులోపే ఎంత వీలైతే అంత వాడండి. కొనే ముందే డీలర్‌ని అడగాల్సిన మాట ఇంకోటి ఉంది: "ఈ రోజు బండి రిపేరుకి తెస్తే ఎప్పుడు చేతిలోకి తీసుకుంటారు?" దానికి తడబడితే, ధర ఎంత బాగున్నా ఇంకో డీలర్‌ని చూసుకోవడం మేలు.

లక్షణం: పదేళ్ల బండి, తిరిగింది చాలా తక్కువ. ఓనరు అదే గొప్పగా చెబుతున్నాడు

కారణం: కదలకుండా నిలబడింది. నిలబడ్డ బండిలో రబ్బరు ఎండుతుంది, సీళ్లు పగులుతాయి, ఇంధనం పాడవుతుంది, బ్రేకులకు తుప్పు పడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

పరిష్కారం టైర్లతో మొదలుపెట్టండి. పక్క గోడ మీద DOT (డాట్) అన్న అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. కొన్నిసార్లు ఆ నాలుగంకెలు లోపలివైపు గోడ మీదే ఉంటాయి, కాబట్టి కిందికి దూరి చూడక తప్పదు. ఈ బళ్లలో టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. గాడులు కొత్తవాటిలా ఉన్నా పక్క గోడల మీద సన్నటి బీటలుంటే నమ్మొద్దు. అయిదేళ్లు దాటాక ఏటా చూపించాలని, పదేళ్లకు ఎలా ఉన్నా మార్చేయాలని టైర్ల తయారీదారులు కొందరు చెబుతారు. పెద్ద బండికి ఆరు టైర్లు, కొన్నింటికి ఎనిమిది. ఆ ఖర్చు బేరంలో కలపండి.

జనరేటర్ మీద గంటల మీటరు ఉంటుంది. పదేళ్లలో మరీ తక్కువ గంటలుంటే అది మంచి సూచన కాదు. దాన్ని నెలకోసారైనా లోడు మీద, అంటే ఏసీ లాంటివి వేసి, నడపాలి. పెట్రోలుది అయితే నిలవ ఇంధనం కార్బురేటర్‌లో జిగురులా పేరుకుంటుంది. రెండు ఏసీలు వేసి అరగంట నడిపించి చూడండి. బండి ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయాలని ముందే చెప్పండి, వేడెక్కించి ఉంచితే స్టార్టింగ్ ఇబ్బంది బయటపడదు. వెళ్లగానే చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. డీజిల్ ఇంజిన్ అయితే ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. ఆయిల్‌లో కూలెంట్ కలిసిందా, లోహపు రజను ఉందా అన్నది తెలుస్తుంది.

లక్షణం: ఫ్రిజ్ చల్లబడదు, లైట్లు త్వరగా మసకబారతాయి

ఇవి కొనుగోలును ఆపాల్సినవి కావు, లెక్కలో వేసుకోవాల్సినవి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, కాబట్టి ముందురోజే ఆన్ చేసి ఉంచమనండి. బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే అది సరిగా పనిచేయదు. ముందు లెవెల్ చూసుకోండి. అమ్మోనియా ఘాటు వాసనో, వెనక పసుపు పొడో కనిపిస్తే మాత్రం కూలింగ్ యూనిట్ కారుతోంది, మార్చాల్సిందే. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తి ఛార్జీలో, కాసేపు ఏమీ వాడకుండా ఉంచాక, 12.6 వోల్టులు చూపాలి. నాలుగు లైట్లకే 12 కిందికి జారితే దాని పని అయిపోయింది. గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం మీద గడువు తేదీ ఉంటుంది. దాటి ఉంటే ఆ రాత్రి అందులో పడుకోకముందే మార్చండి.

లక్షణం: అమ్మితే వచ్చేదానికంటే లోన్ బాకీ ఎక్కువ

కారణం: కొత్త బండి విలువ మొదటి ఏళ్లలోనే ఎక్కువగా పడిపోతుంది. పెద్ద బండి లోన్ చాలా ఏళ్లకు సాగుతుంది, తొలి వాయిదాల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. మధ్యలో ఆరోగ్యం బాగోకో, మనసు మారో అమ్మాల్సి వస్తే చేతి నుంచి వేసుకోవాలి.

పరిష్కారం: ఇంతకుముందు మోటర్‌హోమ్‌లో ఉండని కుటుంబం ఒక వారం అద్దెకు తీసుకుని తిరగాలి. ఆ తర్వాత కూడా కోరిక అలాగే ఉంటే మూడు నుంచి ఆరేళ్ల బళ్లు వెతకండి. తొలి ఓనరు విలువ నష్టం భరించి ఉంటాడు, ఫ్యాక్టరీ లోపాలు సరిచేయించి ఉంటాడు. నేను రెండోసారి కొన్నది ఇలాంటిదే.

లక్షణం: సామాను సర్దాక బండి ఊగుతోంది, టైర్లు వేడెక్కుతున్నాయి

కారణం: బండి పెద్దదైనంత మాత్రాన మోసే బరువు ఎక్కువ ఉండదు. స్లైడ్లు, వంటింటి రాతి గట్టు, పెద్ద సోఫాలు ఆ పరిమితిలో చాలా భాగం ముందే తినేస్తాయి. నీళ్లు లీటరుకు కిలో, 400 లీటర్ల ట్యాంకు నిండితే 400 కిలోలు.

పరిష్కారం: ఎంత సామాను వేయొచ్చో చెప్పే స్టిక్కర్ లోపల ఉంటుంది, కొనే ముందే చదవండి. పాత బండికి తర్వాత చేర్చినవి ఉంటాయి కాబట్టి స్టిక్కర్‌ని నమ్మకుండా కాటా వేయించండి. ఒక్కో యాక్సిల్ విడివిడిగా తూచి, ఆ బరువుకు టైరు తయారీదారు పట్టికలో ఎంత గాలి ఉంటే అంతే పెట్టండి.

లక్షణం: అన్నీ చూశాం, అయినా తేలడం లేదు

కారణం ఎక్కువగా రిపేరు ప్రశ్న దాటేసి ధర దగ్గరే ఆగిపోవడం. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టే మనిషి ఉంటే, ఏటా పైకప్పు ఎక్కి సీలెంట్ చూసే ఓపిక ఉంటే, రికార్డులున్న సెకండ్ హ్యాండ్ బండికే నా ఓటు. ప్రతిదానికీ మెకానిక్‌ని పిలవాల్సినవాళ్లు, దగ్గర్లో మంచి సర్వీస్ ఉంటే, కొత్తది తీసుకుని తొలి ఏడాది ఓపిక పట్టడం నయం. రెండూ లేనివాళ్లు ఇంకొన్నాళ్లు అద్దెకే వెళ్లాలి.

ఏది తీసుకున్నా, మోటర్‌హోమ్‌లు మాత్రమే చూసే స్వతంత్ర ఇన్‌స్పెక్టర్‌ని మీరే పెట్టుకోండి, అమ్మేవాడు సూచించిన మనిషి వద్దు. అడ్వాన్స్ ఇచ్చే కాగితంలోనే "ఇన్‌స్పెక్షన్‌లో నీళ్ల నష్టం బయటపడితే అడ్వాన్స్ తిరిగివ్వాలి" అన్న వాక్యం రాయించండి. ఓనరు ఇచ్చే ఫైల్లో సీలెంట్ కొన్న రసీదులున్నాయేమో వెతకండి. ఇంజిన్ ఆయిల్ రసీదులు చాలామంది జాగ్రత్త చేస్తారు. సీలెంట్ రసీదులు జాగ్రత్త చేసేది పైకప్పు ఎక్కి చూసుకున్న ఓనరే.