గొడవపడ్డ పిల్లలకు ఇద్దరూ కలిస్తేనే అయ్యే పని చెప్పండి

పిల్లలు కొట్టుకుని మాటలు మానేస్తే, పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టినంత మాత్రాన కలవరు. ఒక్కడితో కాని పని ఇద్దరికీ అప్పజెప్పండి. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు 22 మంది అబ్బాయిలను రెండు జట్లు చేసి క్యాంపు పెట్టాడు. పోటీలు మొదలవగానే పగలు పెరిగాయి. ఒకేచోట భోజనం పెడితే ఆ తిండే ఒకళ్ల మీద ఒకళ్లు విసురుకున్నారు! తిండి తేవాల్సిన లారీ మొరాయిస్తే మాత్రం, తాడు కట్టి అందరూ కలిసి లాగారు. అలాంటి పనులు మరికొన్ని పడ్డాకే స్నేహం కుదిరింది.

మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ గొడవపడితే, వాళ్లకు నేను తడి దుప్పటి చెరో కొస ఇచ్చి పిండమంటాను. ఒకడు వదిలేస్తే మెలి ఊడిపోతుంది. "గట్టిగా పట్టుకోరా" అనడంతోనే మాటలు కలుస్తాయి. ఎవరు బాగా పిండారని పోటీ మాత్రం పెట్టకండి.