ఓబిదుష్ కోటలో ఒక రాత్రి ఉండాలంటే ఎలా?

పోర్చుగల్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది ఓబిదుష్‌ని మూడు గంటల్లో చుట్టేసి వచ్చేస్తారు. పొద్దున లిస్బన్‌లో బస్సెక్కడం, పెద్దవీధిలో ఫోటోలు, మధ్యాహ్నానికి మళ్ళీ బస్సు. అలా చూస్తే ఆ ఊరు చూడనట్టే. పగలంతా ఆ సన్నటి వీధిలో భుజాలు రాసుకుంటూ నడవాలి. టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక మాత్రం అదే వీధిలో మీ చెప్పుల చప్పుడు మీకే వినిపిస్తుంది. అందుకే ఒక్క రాత్రయినా అక్కడే ఉండమంటాను, వీలైతే ఊరి పైకొసన ఉన్న కోటలోనే. అది ఇప్పుడు హోటల్.

ఊరి కథ కొంచెం తెలిసి వెళ్తే మంచిది. పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సు హెన్రీక్ష్ 1148లో ఈ కొండని మూర్‌ల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి ఈ ప్రాంతాన్ని ఏలిన ముస్లింల) దగ్గర్నుంచి గెలుచుకున్నాడు. 1282లో దినీష్ రాజు ఇప్పటి స్పెయిన్‌లోని అరగాన్ రాజ్యపు రాకుమారి ఇసబెల్‌ని పెళ్ళి చేసుకుని, ఈ ఊరిని ఆమెకి పెళ్ళి కానుకగా ఇచ్చాడు. 1834 దాకా ఇది రాణుల ఆస్తిగానే ఉండేది. తెల్లటి సున్నం గోడలు, వాటి కింద నీలం రంగో పసుపు రంగో పట్టీ, గోడల మీద విరగబూసిన కాగితంపూలు. ఊరంతా ఇలాగే ఉంటుంది. చుట్టూ ఉన్న ప్రహరీ పొడవు సుమారు ఒకటిన్నర కిలోమీటరు.

1. ముందు తేదీ చూసుకోండి

వీసా పని ముందుగా మొదలుపెట్టాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా (పోర్చుగల్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందయినా ఇవ్వాలి. కానీ సీజన్‌లో ఆ పదిహేను రోజులు నమ్ముకుంటే టెన్షనే. 30,000 యూరోల వైద్య ఖర్చులకి తగ్గకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

వసంతకాలంలో చాక్లెట్ పండగ, వేసవిలో మధ్యయుగపు సంత, డిసెంబరులో క్రిస్మస్ ఊరు, ఇలా ఓబిదుష్‌లో ఉత్సవాలు చాలానే జరుగుతాయి. పిల్లలకి అవి సరదాగా ఉంటాయి. కానీ ప్రశాంతంగా చూడాలనుకుంటే ఆ రోజులు వదిలేసి మే నెలలోనో సెప్టెంబరులోనో మామూలు వారపు రోజు పెట్టుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, డిసెంబరులో అయిదుంపావుకే పొద్దు కుంకుతుంది. సముద్రం దగ్గరే కాబట్టి ఎండాకాలం సాయంత్రాల్లో కూడా చలిగాలి కొడుతుంది. ఒక స్వెటర్ ఉండాలి.

2. గది బుక్ చేసేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి

పోర్చుగల్‌లో పాత కోటల్లో, మఠాల్లో నడిచే హోటళ్ళని 'పొజాడా' అంటారు. 1755 భూకంపంలో దెబ్బతిన్న ఈ కోటని ప్రభుత్వం బాగుచేయించి, 1950ల మొదట్లో పొజాడాగా మార్చింది. చారిత్రక కట్టడంలో పెట్టిన మొదటి పొజాడా ఇదే. గదులు చాలా తక్కువ, నెలల ముందే నిండిపోతాయి. పొజాడా పేరు మీద కోట బయటి భవనాల్లో కూడా గదులు ఇస్తారు. కాబట్టి డబ్బు కట్టే ముందు "ఈ గది కోట లోపలేనా?" అని మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.

టవర్ గది అంటే వినడానికి బాగుంటుంది. కానీ మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే దాని జోలికి పోవద్దు, మామూలు గదే అడగండి. కోటలో ధర మీ బడ్జెట్‌కి మించితే, ప్రహరీ లోపల పాత ఇళ్ళలో నడిచే చిన్న హోటళ్ళున్నాయి. నా దృష్టిలో రాత్రి గోడల లోపల ఉండడమే ముఖ్యం, కోట గది ఆ తర్వాత.

3. లిస్బన్ నుంచి వెళ్ళడం

లిస్బన్ మెట్రోలో కాంపు గ్రాండ్ స్టేషన్ దగ్గర దిగండి. కల్దష్ ద రయీన్య ఊరికి వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బస్సు అక్కడి నుంచే ఉంటుంది. ఓబిదుష్‌కి గంట ప్రయాణం. శని, ఆదివారాల్లో బస్సులు తగ్గుతాయి, టైములు ముందే చూసుకోండి. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి "ఓబిదుష్" అని చెప్పి, కుడి ఎడమల మీద కన్నేసి ఉంచండి. కొండ మీద గోడ కనిపించిందంటే దిగే చోటు వచ్చేసినట్టే. నిద్రపోతే కల్దష్‌లో తేలతారు. రైలు కూడా ఉంది, కానీ స్టేషన్ కొండ కిందుంటుంది, సామానుతో పైకెక్కాలి.

కారులో వెళ్తే బయటి పార్కింగ్‌లోనే పెట్టాలి. పక్కనే పొడవాటి రాతి కమానుల వరస కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో కతరీనా రాణి ఊరికి నీళ్ళు తెప్పించడానికి కట్టించిన మూడు కిలోమీటర్ల నీటి కాలువ అది.

సామాను విషయంలో ఒక మాట. వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచిన వీధులు. ద్వారం దగ్గర్నుంచి కోట దాకా అంతా ఎత్తే. మా చక్రాల పెట్టె సగం దారిలోనే ఒక చక్రం ఊడి, మిగతా దారంతా మోసుకెళ్ళాల్సొచ్చింది. పెద్ద పెట్టెలు లిస్బన్ హోటల్లో వదిలి, ఒక రాత్రికి సరిపడా భుజాన వేసుకునే సంచి తీసుకెళ్ళండి.

4. ద్వారం దగ్గర ఆగండి

ఊళ్ళోకి వెళ్ళే పెద్ద ద్వారం పేరు పోర్తా ద విల. లోపలికి అడుగుపెట్టగానే దారి మెలిక తిరుగుతుంది. శత్రువు ఒక్క ఊపున లోపలికి దూసుకురాకుండా చేసిన ఏర్పాటది. మన కోటల ద్వారాల్లోనూ ఇదే ఉపాయం కనిపిస్తుంది. అందరూ ఆ మెలికని దాటేసి వీధిలోకి పరిగెడతారు. మీరు అక్కడే తల పైకెత్తండి. ద్వారం లోపలే చిన్న ప్రార్థన మందిరం, దాని గోడలకి నీలం తెలుపు పింగాణీ పలకలు. ఒక్కో పలక చేత్తో గీసిందే. అంచుల దగ్గర గీతలు పక్క పలకతో వెంట్రుకవాసి కలవవు. ఆ కలవని చోట్లలోనే గీసిన చెయ్యి తెలుస్తుంది.

5. మధ్యాహ్నం నీడపట్టున, సాయంత్రం వీధుల్లో

రద్దీ ఉన్నంతసేపూ కట్టడాల లోపల గడపండి. శాంత మరీయ చర్చి గోడల నిండా అవే నీలం పలకలుంటాయి. అక్కడే 17వ శతాబ్దపు చిత్రకారిణి జోజెఫా ద ఓబిదుష్ వేసిన బొమ్మలున్నాయి. ఆడవాళ్ళు చిత్రకళని వృత్తిగా చేసుకోవడం చాలా అరుదైన రోజుల్లో ఆమె ఈ ఊళ్ళోనే ఉండి పేరు తెచ్చుకుంది. కోట పక్కనున్న సాంతియాగు చర్చి ఇప్పుడు పుస్తకాల షాపు. బలిపీఠం ఉండే చోటు దాకా పుస్తకాల అరలే. 2015లో యునెస్కో ఓబిదుష్‌ని సాహిత్య నగరంగా గుర్తించింది. కూరగాయల షాపు ఒకదానిలో పండ్ల పెట్టెల్లోనే పాత పుస్తకాలు పేర్చి అమ్ముతారు, అది తప్పకుండా చూడండి.

వీధి పొడవునా చిన్న చాక్లెట్ కప్పుల్లో 'జింజ' అమ్ముతారు. పుల్లటి చెర్రీలతో చేసే తియ్యటి మద్యం అది. రంగు చూసి జ్యూస్ అనుకుని పిల్లలకి ఇచ్చేయకండి.

ఆరు దాటాక వీధి ఖాళీ అవుతుంది. అప్పుడు పెద్దవీధి వదిలి పక్క సందుల్లోకి వెళ్ళండి. షాపులు త్వరగానే మూస్తారు కాబట్టి నీళ్ళు, పండ్లు ముందే కొనిపెట్టుకోండి.

6. భోజనం

కూర్చోగానే బ్రెడ్డు, ఆలివ్ కాయలు, చీజు తెచ్చి పెడతారు. అవి ఉచితం కాదు, ముట్టుకుంటే బిల్లులో వస్తాయి. వద్దంటే మొహమాటం లేకుండా తీసుకెళ్ళిపోతారు. శాకాహారులు "సెం కార్న్, సెం పెయిష్" అనాలి. మాంసం, చేప వద్దని అర్థం. ఆకుకూర సూపు 'కాల్దు వెర్ద్' చూడ్డానికి శాకాహారంలాగే ఉంటుంది కానీ అందులో పంది సాసేజ్ ముక్క వేస్తారు.

7. తెల్లవారగానే గోడ మీదికి

రాత్రి ఉన్నందుకు అసలు ఫలం ఇదే. ద్వారం దగ్గరా కోట దగ్గరా గోడ మీదికి మెట్లుంటాయి. కొన్ని చోట్ల గోడ 13 మీటర్ల ఎత్తు. బయటి వైపు పిట్టగోడ ఉంటుంది, లోపలి వైపు మాత్రం కమ్మీ కూడా ఉండదు, నేరుగా కిందికే. రాళ్ళు ఎగుడుదిగుడుగా, అరిగి నున్నగా ఉంటాయి. పట్టున్న బూట్లు వేసుకోండి, పిట్టగోడని ఆనుకునే నడవండి. ఎవరైనా ఎదురొస్తే ఆగి వాళ్ళకి దారివ్వండి, లోపలి అంచుకి మాత్రం జరగొద్దు. ఫోటో తీసేటప్పుడు నిలబడి తీయండి, నడుస్తూ ఫోన్ చూడొద్దు. వాన పడినా, బలమైన గాలి ఉన్నా, కళ్ళు తిరిగే అలవాటున్నా ఎక్కొద్దు. చిన్నపిల్లల్ని ఎక్కించనే వద్దు.

పొద్దున్నే పైన ఎవరూ ఉండరు. ఒక పక్క ఎర్ర పెంకుల కప్పులు, పెరళ్ళలో నిమ్మచెట్లు, తీగల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. ఇంకో పక్క ద్రాక్షతోటలు, పొలాలు. తొందరపడకుండా చుట్టూ తిరగడానికి గంట పెట్టుకోండి. తర్వాత కోటకి వచ్చి టిఫిన్ చేసి, గది ఖాళీ చేయండి. పది దాటాక ద్వారం దగ్గర మళ్ళీ టూరిస్టు బస్సులు ఆగడం మొదలవుతుంది. ఆ వేళకి మీరు సంచి భుజాన వేసుకుని కిందికి దిగుతూ ఉండేలా చూసుకోండి.