“కూడాలా, తీసెయ్యాలా టీచర్?”: పద సమస్యల దగ్గర ఆగిపోయే పిల్లలకు

రెండు, మూడు తరగతుల పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి చెప్పే మాట ఒకటే. “లెక్కలన్నీ బాగానే చేస్తాడండీ, వర్డ్ ప్రాబ్లమ్ వస్తే మాత్రం బిక్కమొహం వేస్తాడు.” అని ఊరుకోరు, వెంటనే ఇంకో వర్క్‌బుక్ కొనేస్తారు. దానికంటే ముందు చేయాల్సిన రెండు నిమిషాల పని ఒకటుంది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయరు. పిల్లాడు తప్పు చేసిన లెక్కను మీరే గట్టిగా చదివి వినిపించండి. పుస్తకం మూసేసి, “ఏం జరిగింది నాన్నా, చెప్పు” అనండి.

విని కథ చెప్పాడు, లెక్కా చేసేశాడు

అయితే తేడా లెక్కలో లేదు, చదవడంలో ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాడు. రోజూ పది నిమిషాలు లెక్కలు కాకుండా కథలు చదివించండి. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల లెక్కల పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉంటుంది. ముందు తెలుగు పేజీ చదివించండి, తప్పేమీ లేదు.

విన్నాక కూడా “కూడాలా, తీసెయ్యాలా?” అని మీ మొహం చూస్తాడు

అసలు దొంగ ఇక్కడున్నాడు. వాడిని నేనే పెంచి పోషించాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

చాలా ఏళ్లు మా క్లాసు గోడ మీద నా చేత్తో రాసిన చార్టు ఒకటి ఉండేది. ‘మొత్తం, కలిపి, ఎక్కువ’ కనిపిస్తే కూడిక. ‘మిగిలినవి, ఇచ్చాడు, తేడా’ కనిపిస్తే తీసివేత. పిల్లలు టకటకా చేసేసేవాళ్లు. హోంవర్క్ నిండా రైట్ మార్కులే. ఒకసారి పరీక్షలో ఈ లెక్క ఇచ్చాను: “లక్ష్మి తన జామకాయల్లో 6 తమ్ముడికి ఇచ్చింది. ఇంకా 9 మిగిలాయి. మొదట ఆమె దగ్గర ఎన్ని ఉండేవి?” సగానికి పైగా 9 − 6 = 3 అని రాశారు. ‘ఇచ్చింది’ ఉంది, ‘మిగిలాయి’ ఉంది, ఇంకేం కావాలి? నేను చెప్పిందే చేశారు పాపం.

మరి హోంవర్క్‌లో ఎందుకు దొరకలేదంటే, కూడిక పాఠం చివర ఉండే పద సమస్యలన్నీ కూడికలే. తీసివేత పాఠం చివర అన్నీ తీసివేతలే. కథ చదవకుండా అంకెలు ఏరుకుని కూడేసినా రైటే వస్తుంది. పాఠాలన్నీ కలిపి పరీక్ష పెట్టిన రోజు బండారం బయటపడుతుంది.

మీ పిల్లాడికి ఈ అలవాటు ఉందో లేదో తెలుసుకోవాలంటే, మొహం మామూలుగా పెట్టి ఇది అడగండి: “కాపరి దగ్గర 25 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కాపరి వయసెంత?” 35 అన్నాడంటే ఉన్నట్టే. తిట్టకండి. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలను పడవలో 26 గొర్రెలు, 10 మేకలు ఉంటే కెప్టెన్ వయసెంత అని అడిగితే, 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయసు తేల్చేశారు.

మందు ఏమిటంటే, అంకెల మీద బొటనవేలు పెట్టి మూసేయండి. లక్ష్మి దగ్గర కొన్ని కాయలున్నాయి, కొన్ని ఇచ్చేసింది, కొన్ని మిగిలాయి. “మొదట్లో ఎక్కువున్నాయా, ఇప్పుడా?” మొదట్లోనే అంటాడు. అయితే జవాబు 9 కంటే పెద్దదే కావాలి కదా! ఇప్పుడు వేలు తీయండి. ఇంకా తికమక పడుతుంటే గుప్పెడు చింతపిక్కలు ఇచ్చి కథ ఆడించండి. 3 రాసిన ఒక పిల్లాడికి నేను 3 పిక్కలే ఇచ్చి, “ఇందులోంచి తమ్ముడికి 6 ఇవ్వు” అన్నాను. వాడు పిక్కల వైపు చూసి, నా వైపు చూసి, నవ్వి రబ్బరు అందుకున్నాడు. చార్టు ఆ సాయంత్రమే చించేశాను.

తర్వాత కనీసం రెండు వారాలు కూడికలు, తీసివేతలు కలగలిపి ఇవ్వండి, రోజుకు మూడు చాలు. ఒకే అంకెలు, ఒకే ‘మిగిలాయి’తో ఒకటి కూడిక, ఒకటి తీసివేత పక్కపక్కనే పెడితే ఇంకా మంచిది.

ఎవరు ఎవరికిచ్చారో తారుమారు చేస్తాడు

“రాము సీతకి 4 రేగుపండ్లు ఇచ్చాడు”, “రాముకి సీత 4 రేగుపండ్లు ఇచ్చింది.” గబగబా చదివే పిల్లలకు రెండూ ఒకటే, ‘కి’ని మింగేస్తారు. “ఇప్పుడు ఆ పండ్లు ఎవరి జేబులో ఉన్నాయి?” అని అడిగితే చాలు.

‘కంటే’ దగ్గర బోల్తా

“సీత దగ్గర 12 గోళీలున్నాయి. అవి రవి దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని?” 17 అంటారు. ఇద్దరికీ చెరో గీత గీయమనండి. పొడుగు గీత ఎవరిదో తేలితే మిగతాది వాళ్లే చేసుకుంటారు.

మిగతావి

బోర్డు మీది అంకెలు తప్పు ఎక్కించుకుంటుంటే కళ్లు చూపించండి. మూడో తరగతిలో కూడా 5, 8లలో ఏది పెద్దదో తడుముకుంటుంటే నిపుణులకు చూపించాలి. ఇవి అరుదు. వీటితో మొదలుపెట్టి టెన్షన్ పడకండి.

భాగహారంలో శేషం వచ్చే లెక్కలకూ కథే దిక్కు. 13 మంది పిల్లలు, ఆటోకి నలుగురు, ఎన్ని ఆటోలు కావాలి? మా క్లాసులో ఒకడు 3 అని రాశాడు. “మరి మిగిలిన ఒక్కడు నడిచి వస్తాడా?” అన్నాను. “డ్రైవర్ పక్కన సర్దుకుంటాడు టీచర్” అన్నాడు. మార్కు వేసేశాను.